బోరు మోటారు సంగతి ఫోన్‌లో తెలియాలంటే: తక్కువ కోడ్‌తో అప్లికేషన్ కట్టుకునే పద్ధతి

తోట ఊరికి రెండు మూడు కిలోమీటర్ల దూరం. బోరు తోట నడుమ. చదువుకున్న పిల్లలు నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగాల్లో ఉంటారు. మోటారు వేసి ఇంటికొచ్చిన నాయినకు రాత్రంతా ఒకటే టెన్షన్. కరెంటు ఉందా, పోయిందా? మోటారు నడుస్తోందా? నడుస్తుంటే నీళ్లు పోస్తోందా, ఉత్తగా తిరుగుతోందా? గుర్రంపోడు, పెద్దవూర వైపు బత్తాయి రైతుకైనా, అచ్చంపేట, కల్వకుర్తి వైపు పల్లి వేసిన రైతుకైనా ప్రశ్నలు ఇవే. మన నేల కింద చాలావరకు గ్రానైట్. రాతి పగుళ్లలో ఊరే నీళ్లే బోరుకు ఆధారం కాబట్టి, ఎండాకాలంలో కాసేపు పోసి ఆగిపోయే బోర్లు ఊరూరా ఉంటాయి. నీళ్లు ఆగినా మోటారు తిరుగుతూనే ఉంటే కాలిపోతుంది. దాన్ని పైకి లాగడం, వైండింగ్ చేయించడం, మళ్లీ దింపడం, ఆ నాలుగు రోజులు చెట్లు ఎండడం, అంతా ఆ ఇంటి నెత్తినే.

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే అప్లికేషన్‌ను మీరే కట్టుకోవచ్చు. డిప్లొమా, డిగ్రీ చదువుతున్నవాళ్లు, కంప్యూటర్ మీద కాస్త చెయ్యి తిరిగినవాళ్లు ఎవరైనా చేయగలరు. లో-కోడ్ పనిముట్ల వల్ల కోడ్ రాసే భారం బాగా తగ్గింది. తగ్గని పని ఒకటుంది: సమాచారం రావడం ఆగిపోయినప్పుడు అది ఎందుకు ఆగిందో చెప్పగలిగేలా అప్లికేషన్‌ను తయారు చేయడం. కరెంటు, నెట్ రెండూ ఎప్పుడు పోతాయో తెలియని చోట నా దృష్టిలో అదే అసలు పని. అందుకే దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందు కాగితం మీద

కంప్యూటర్ తెరవకముందే నాయినతో కూర్చుని, ఫోన్‌కు ఏ మాటలు రావాలో తెలుగులో రాసుకోండి. "కరెంటు వచ్చింది." "మోటారు ఆగింది, బోరులో నీళ్లు లేవు." "ఒక ఫేజు పోయింది, మోటారు ఆపేశాను." "తోట నుంచి సమాచారం రావట్లేదు." ఇలాంటివి ఆరేడుకు మించవు. ప్రతి మాట పక్కన, అది వస్తే ఇంట్లో ఎవరు ఏం చేస్తారో రాయండి. ఏమీ చేయలేని మాటను కొట్టేయండి. వోల్టేజ్ 228 నుంచి 231కి మారిందని అర్ధరాత్రి ఫోన్ మోగితే ఎవరికీ లాభం లేదు. పైగా రెండు రోజుల్లో ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టేస్తారు. ఆ తర్వాత నిజంగా అవసరమైన మాట వచ్చినా ఎవరూ చూడరు.

సామాను

తోటలో ఈఎస్‌పీ32 బోర్డు ఒకటి. వైఫై ఉన్న ఈ చిన్న కంప్యూటర్ 500 రూపాయలకు అటూ ఇటూ దొరుకుతుంది. కరెంటు కొలవడానికి ఎస్‌సీటీ-013 రకం క్లాంప్ సెన్సర్లు రెండు. అందులో 30 ఆంపియర్లకు 1 వోల్ట్ ఇచ్చే రకమే అడగండి. 100 ఆంపియర్లకు 50 మిల్లీ ఆంపియర్లు ఇచ్చే రకానికి విడిగా రెసిస్టర్ లెక్కలు చూసుకోవాలి. మూడు ఫేజులు ఉన్నాయో లేవో చెప్పే 3 ఛానెళ్ల ఆప్టోకప్లర్ మాడ్యూల్ ఒకటి, రిలే (బోర్డు మాట విని పనిచేసే స్విచ్చు) ఒకటి, సిమ్ వేసుకునే చిన్న వైఫై రూటర్ ఒకటి, రూటర్‌కూ బోర్డుకూ కరెంటు పోయినప్పుడు ఆధారంగా ఉండే మినీ యూపీఎస్ ఒకటి. ఇవన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. చేత్తో పట్టుకుని చూసి కొనాలంటే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లండి.

ఇంటి దగ్గర పాత ల్యాప్‌టాప్ గానీ, రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ గానీ చాలు. అది ఇన్వర్టర్ మీద ఉండాలి.

సిమ్ సంగతిలో ఒక జాగ్రత్త. చవగ్గా దొరికే సిమ్800ఎల్ మాడ్యూల్ 2జీ మీద మాత్రమే పనిచేస్తుంది. జియోకు 2జీ లేదు. కాబట్టి ఆ మాడ్యూల్ జోలికి పోకుండా 4జీ రూటర్ తీసుకోండి. ఏ సిమ్ అన్నది కూడా ఊళ్లో నిలబడి తేల్చకండి. స్టార్టర్ డబ్బా పక్కన నిలబడి, ఏ కంపెనీ సిగ్నల్ నిలకడగా ఉందో చూసి తీసుకోండి. ఈఎస్‌పీ32 కి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే కనిపిస్తుంది. రూటర్‌లో ఆ బ్యాండ్ ఆన్‌లో ఉండాలి.

డబ్బా బిగించడం

స్టార్టర్ ఉన్న ఇనుప డబ్బాలోనే బోర్డు కూడా పెట్టేద్దామనిపిస్తుంది. వద్దు. ఇనుము వైఫైని అడ్డుకుంటుంది. మే నెలలో నల్లగొండ ఎండకు ఆ డబ్బా లోపల చెయ్యి పెట్టలేం, లిథియం బ్యాటరీ ఉబ్బిపోతుంది. పక్కనే నీడ పడే చోట మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బా పెట్టండి. వైర్లు లోపలికి పోయే రంధ్రాలు కింది వైపే ఉండాలి, ప్రతి దానికీ కేబుల్ గ్లాండ్ బిగించాలి. చిన్న సందున్నా చీమలు పుట్ట పెడతాయి, బల్లులు దూరతాయి. పాత స్టార్టర్ మూత తీసి చూడండి, కాంటాక్టుల నడుమ ఎండిపోయిన బల్లి కనిపించడం మన దగ్గర మామూలే. మీ డబ్బాకూ ఆ గతి పట్టకూడదు.

415 వోల్టుల పనిలో మీ చెయ్యి పెట్టకండి. మెయిన్ ఆపించి, మోటార్ మెకానిక్ చేతనే క్లాంపులూ ఫేజు వైర్లూ బిగించండి. న్యూట్రల్ సరిగా ఉందో లేదో కూడా ఆయన్నే చూడమనండి. ఆప్టోకప్లర్ మాడ్యూల్ ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజ్ చూసి చెబుతుంది. న్యూట్రల్ వదులుగా ఉంటే అది చెప్పేదంతా తప్పే.

క్లాంప్ ఎలా చదువుతుంది

క్లాంపును ఒకే ఒక్క ఫేజు వైరు చుట్టూ వేయాలి. మోటారుకు పోయే మూడు వైర్ల కట్ట మొత్తం మీద వేస్తే మూడు కరెంట్లూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని సున్నా చూపిస్తుంది. సెన్సర్ చెడిపోయిందని కొత్తది కొనే ముందు ఇది చూసుకోండి. రెండు క్లాంపులు వేర్వేరు ఫేజుల మీద ఉండాలి.

క్లాంప్ ఇచ్చేది సున్నాకు పైనా కిందా ఊగే వోల్టేజ్. ఈఎస్‌పీ32 కి సున్నా కింద ఏమీ తెలియదు, పైన 3.3 వోల్టులు దాటకూడదు. అందుకే బోర్డు 3.3 వోల్టుల పిన్నుకూ గ్రౌండ్ (జీఎన్‌డీ) పిన్నుకూ నడుమ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు వరసగా పెట్టి, మధ్యలో వచ్చే 1.65 వోల్టుల మీద క్లాంప్ ఒక తీగ కలపాలి. అక్కడి నుంచే 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి బోర్డు గ్రౌండ్ పిన్నుకు కట్టాలి. రెండో తీగ బోర్డు పిన్నుకు. పిన్నులు 32 నుంచి 39 లోపువే వాడండి. మిగతా అనలాగ్ పిన్నులు వైఫై నడుస్తుండగా చదవలేవు.

5 హెచ్‌పీ మోటారు ఒక్కో ఫేజులో 7, 8 ఆంపియర్ల దగ్గర తీసుకుంటుంది. మీ మోటారు సంగతి దాని ప్లేటు మీద ఉంటుంది. 30 ఆంపియర్ల క్లాంపుకు ఇది చిన్న కొలత కాబట్టి, వైరు పొడవుంటే క్లాంప్ లోపల నుంచి రెండు చుట్లు తిప్పించండి. రీడింగ్ రెట్టింపు వస్తుంది, ప్రోగ్రాంలో సగం చేసుకోవచ్చు.

తర్వాత కొలతలు సరిచూడాలి. ఈ పనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. మెకానిక్ దగ్గరి క్లాంప్ మీటర్ ఒక వైరు మీద, మీ సెన్సర్ దాని పక్కన. మోటారు ఆగి ఉన్నప్పుడు మీ బోర్డు ఎంత చూపిస్తోంది? సున్నా రాదు, ఏదో చిన్న అంకె వస్తుంది, రాసుకోండి. పైపు నిండా పోస్తున్నప్పుడు రెండు మీటర్లూ ఎంతెంత? ఆ తర్వాత బోరు ఆగి ఆగి పోయడం మొదలయ్యేదాకా ఓపిగ్గా కూర్చోండి. నీళ్లు తగ్గుతున్న కొద్దీ మోటారు మీద బరువు తగ్గుతుంది, కరెంటు పడిపోతుంది. అప్పుడు ఎంత చూపిస్తోంది? నిండుగా పోసేటప్పుడు 7.6 ఉండి, గాలి కొట్టేటప్పుడు 4.8 కి పడిందనుకుందాం. అప్పుడు 5.5 దగ్గర గీత గీయవచ్చు. పక్క తోట మోటారు అంకె తెచ్చి ఇక్కడ పెడితే పనిచేయదు. ప్రతి బోరుకు దాని లోతు, దాని మోటారు, దాని అంకె.

బోర్డులోకి ప్రోగ్రామ్

ఇక్కడ ఈఎస్‌పీహోమ్ వాడండి. ఇందులో కోడ్ రాయం, ఏ పిన్నుకు ఏం కట్టామో ఒక జాబితాలా రాస్తాం. సెన్సర్ సీటీ క్లాంప్, పిన్ను 34, ప్రతి 10 సెకన్లకు ఒకసారి చదువు, ఇదిగో మా కొలతల పట్టిక అని రాస్తే, ప్రోగ్రామ్‌ను అదే తయారు చేసి బోర్డులోకి ఎక్కిస్తుంది. మొదటిసారి యూఎస్‌బీ కేబుల్‌తో, ఆ తర్వాత వైఫై మీదే. 10 సెకన్లకు ఒకటంటే ఒక్కో సెన్సర్ నుంచి రోజుకు 8,640 సందేశాలు. ఒక్కోటి చాలా చిన్నది కాబట్టి డేటా ప్యాక్ మీద భారం పడదు.

నీళ్లు లేనప్పుడు మోటారు ఆపే తీర్పు ఈ బోర్డులోనే ఉండాలి. ఇంటి కంప్యూటర్‌కు గానీ క్లౌడ్‌కు గానీ వదలకూడదు. నెట్ లేని రాత్రి కూడా మోటారు బతకాలి కదా. "కరెంటు 1 ఆంపియర్ పైన, 5.5 లోపు ఉంటే 30 సెకన్లు ఆగు, అప్పటికీ అలాగే ఉంటే స్టాప్ రిలే వెయ్యి" అన్నది ఈఎస్‌పీహోమ్‌లో అయిదారు లైన్ల మాట. ఆ 30 సెకన్లు ఎందుకంటే, బోరు ఒక్క గుక్క గాలి కొట్టగానే ఆపేస్తే రోజుకు ఇరవై సార్లు ఆగుతుంది.

ఒక ఫేజు పోవడం మరో గండం. నడుస్తున్న మోటారుకు ఒక ఫేజు పోతే, మోటారే ఆ వైరులోకి కొంత వోల్టేజ్ తిరిగి పంపిస్తుంది. అందుకని ఆప్టోకప్లర్ మాడ్యూల్ అప్పుడు కూడా మూడు ఫేజులూ ఉన్నాయనే చెప్పవచ్చు. కరెంటు మాత్రం అబద్ధం చెప్పదు. పోయిన ఫేజులో సున్నా, మిగిలిన రెండింటిలో మామూలు కంటే బాగా ఎక్కువ. రెండు క్లాంపులు పెట్టమన్నది ఇందుకే. ఏ ఫేజు పోయినా ఒక క్లాంపు సున్నా చూపిస్తుంది, లేదంటే రెండూ ఒక్కసారిగా ఎగబాకుతాయి. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు కూడా కరెంటు ఎగబాకుతుంది కాబట్టి మొదటి కొన్ని సెకన్లు లెక్కలోకి తీసుకోకండి. మోటారు ఆగి ఉన్నప్పుడు ఫేజులు ఉన్నాయా లేదా అన్నదానికే ఆప్టోకప్లర్ మాట వినండి.

రెండు సెట్టింగులు మరిచిపోవద్దు. వైఫై గానీ, ఎంక్యూటీటీ (సందేశాలు పంపే పద్ధతి, కింద చెబుతాను) సర్వర్ గానీ 15 నిమిషాలు దొరక్కపోతే ఈఎస్‌పీహోమ్ బోర్డును తనంతట తాను రీస్టార్ట్ చేస్తుంది. నెట్ పోయిన రాత్రంతా పావుగంటకోసారి రీస్టార్ట్ అవుతూ ఉంటే మన కాపలా ఏమవుతుంది? రీబూట్ టైమవుట్ అన్నది రెండు చోట్లా సున్నా చేయండి. హోమ్ అసిస్టెంట్ (ఇంటి పరికరాలను నడిపే ఇంకో సాఫ్ట్‌వేర్) వాడనప్పుడు, దానితో మాట్లాడే ఏపీఐ అన్న భాగాన్ని ఫైలు నుంచి పూర్తిగా తీసేయండి. ఉంచితే ఎవరూ కనెక్ట్ కాలేదని అది కూడా రీస్టార్ట్ చేయిస్తుంది.

తోటకూ ఇంటికీ నడుమ

సందేశాలు పోయే దారి ఎంక్యూటీటీ. దీన్ని 1999లో ఆండీ స్టాన్‌ఫోర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు ఇంజినీర్లు చమురు పైపులైన్లను ఉపగ్రహ లింకు మీద గమనించడానికి తయారు చేశారు. లింకు సన్నగా ఉంటుంది, ఖరీదు, మధ్యలో తెగుతుంది అన్న లెక్కతోనే పుట్టింది కాబట్టి రెండు గీతల సిగ్నల్ ఉన్న మన తోటకు చక్కగా సరిపోతుంది.

బోర్డు పంపిన సందేశం నేరుగా ఇంటికి రాదు. మధ్యలో బ్రోకర్ అనే సర్వర్ ఉంటుంది. బోర్డు దానికి ఇస్తుంది, అడిగినవాళ్లకు అది పంచుతుంది. హైవ్ఎంక్యూ క్లౌడ్ వంటి చోట ఉచిత ఖాతా చాలు. పోర్టు 8883, అంటే రహస్యంగా పోయే లైను వాడండి. బోర్డు ఆ సర్వర్‌ను నమ్మడానికి దాని రూట్ సర్టిఫికెట్‌ను ఫైలులో అతికించాలి. నేర్చుకోవడానికి ఎవరైనా వాడుకోగల బహిరంగ బ్రోకర్లు ఉన్నాయి. అక్కడ మీ మోటారు కమాండ్లు లోకమంతా చదవగలదు, పంపగలదు కూడా. బల్ల మీద ప్రయోగానికి తప్ప వాటిని తోటకు తేకండి.

నోడ్‌రెడ్‌లో గీయడం

ఇంటి కంప్యూటర్‌లో నోడ్‌రెడ్ వేయండి. 2013లో ఐబీఎంలో నిక్ ఒలియరీ, డేవ్ కాన్వే-జోన్స్ మొదలుపెట్టిన ఈ పనిముట్టు ఇప్పుడు ఓపెన్‌జేఎస్ ఫౌండేషన్ చేతిలో ఉంది. పూర్తిగా ఉచితం. ఇన్‌స్టాల్ అయ్యాక బ్రౌజర్‌లో ఆ కంప్యూటర్ 1880 పోర్టు తెరిస్తే ఎడమ పక్కన నోడ్లు (ఒక్కోటి ఒక్కో చిన్న పని చేసే పెట్టెలు), నడుమ ఖాళీ తెర, కుడి పైన కట్టినదాన్ని నడిపించే డిప్లాయ్ బటన్ కనిపిస్తాయి. నోడ్లను తెర మీదికి లాగి తీగలతో కలపడమే పని.

ఇలాంటి పనికే ఉన్న బ్లింక్, ఆర్డుయినో క్లౌడ్ లాంటి ఆన్‌లైన్ సేవలు కూడా బాగుంటాయి, ఇంతకంటే త్వరగా మొదలవుతాయి. అయితే వాటి ఉచిత ప్లాన్ల హద్దులు మారుతుంటాయి. పదేళ్లు నడవాల్సిన తోటకు నేను నోడ్‌రెడ్‌నే ఎంచుకుంటాను.

మొదటి వరస ఇలా కట్టండి. ఎంక్యూటీటీ ఇన్ నోడ్ పెట్టి బ్రోకర్ వివరాలు ఇవ్వండి. దాని వెనక డిబగ్ నోడ్ కలిపి డిప్లాయ్ నొక్కండి. తోట అంకెలు కుడి పక్కన ఒకదాని కింద ఒకటి రావడం మొదలవుతుంది. అది కనిపించేదాకా ముందుకు పోవద్దు.

తర్వాత స్విచ్ నోడ్. 1 లోపు అయితే మొదటి దారి, 1 నుంచి 5.5 అయితే రెండో దారి, ఆపైన మూడో దారి. ఒక్కో దారి చివర ఛేంజ్ నోడ్ పెట్టి అంకెను తీసేసి మాట పెట్టండి: "ఆగింది", "నీళ్లు తక్కువ", "పోస్తోంది". మూడింటినీ కలిపి ఫిల్టర్ నోడ్‌లోకి పంపండి. విలువ మారినప్పుడే సందేశాన్ని వదలడం దాని పని. 10 సెకన్లకోసారి "పోస్తోంది, పోస్తోంది" అనకుండా, పోస్తున్నది ఆగినప్పుడే మాట బయటికి వస్తుంది. ఇక్కడికి ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు. మున్ముందు రెండు షరతులు కలపాల్సి వచ్చినప్పుడు ఫంక్షన్ నోడ్‌లో నాలుగైదు లైన్ల జావాస్క్రిప్ట్ అవసరపడొచ్చు. దానికి భయపడనక్కర్లేదు.

సమాచారం ఆగినప్పుడు

ఇప్పటిదాకా కట్టినదానిలో పెద్ద లోటు ఉంది. తోటలో రూటర్ ఆగిపోతే ఫోన్‌కు ఏమీ రాదు. ఏమీ రాలేదంటే అంతా బాగున్నట్టేనని ఇంట్లోవాళ్లు నిద్రపోతారు. ఈ లోటు పూడ్చే దారులు రెండు. రెండూ పెట్టండి.

ఒకటి ట్రిగ్గర్ నోడ్. ఎంక్యూటీటీ ఇన్ నుంచి ఇంకో తీగ దీనిలోకి లాగండి. మొదట ఏమీ పంపవద్దు, 3 నిమిషాలు ఆగు, కొత్త సందేశం వస్తే గడువు పొడిగించు, ఆ తర్వాత "సమాచారం లేదు" అని పంపు. ఇవన్నీ ఆ నోడ్ పెట్టెలో ఎంచుకునే సెట్టింగులే. సందేశాలు వస్తున్నంతసేపూ గడువు పొడిగిపోతూ ఉంటుంది. మూడు నిమిషాలు ఏమీ రాకపోతే మాట బయటికి వస్తుంది.

రెండోది ఎంక్యూటీటీలోనే ఉన్న లాస్ట్ విల్. బోర్డు కనెక్ట్ అయ్యేటప్పుడే బ్రోకర్‌కు "నేను చెప్పకుండా పోతే ఆఫ్‌లైన్ అని అందరికీ చెప్పు" అని ముందుగా రాసిచ్చి ఉంచుతుంది. ఈఎస్‌పీహోమ్ దీన్ని మీరు అడగకుండానే పెడుతుంది. స్టేటస్ అన్న టాపిక్‌లో (బ్రోకర్‌లో సందేశాలకు పెట్టే పేరు) ఆన్‌లైన్, ఆఫ్‌లైన్ అని కనిపిస్తుంది.

ఇక ఎందుకు ఆగిందన్నది. మినీ యూపీఎస్ ఉంది కాబట్టి కరెంటు పోయినా బోర్డు, రూటర్ కొంతసేపు బతికే ఉంటాయి. ఆప్టోకప్లర్ మూడు ఫేజులూ పోయాయని చెబుతుంది, ఆ మాట ఇంటికి చేరుతుంది. దాన్ని ఛేంజ్ నోడ్‌తో ఫ్లో వేరియబుల్‌లో (నోడ్‌రెడ్ మాటను గుర్తుపెట్టుకునే చోటు) దాచండి. కాసేపటికి సమాచారమే ఆగిపోతే, చివరగా దాచిన మాట చూడండి. ఫేజులు పోయాయని ఉంటే ఫోన్‌కు "కరెంటు పోయింది, తర్వాత లైను కూడా పోయింది" అని వెళ్లాలి. ఫేజులు ఉన్నాయని ఉంటే "కరెంటు ఉంది, నెట్ పోయింది, మోటారు నడుస్తూ ఉండవచ్చు" అని వెళ్లాలి. మొదటి మాటకు నాయిన పొద్దుగాల చూసుకోవచ్చు. రెండో మాటకు టార్చి పట్టుకుని పోవాలో, బోర్డులోని కాపలాను నమ్మి పడుకోవాలో ఆలోచించుకోవచ్చు. ఈ ఒక్క తేడా చెప్పగలిగితే మీ అప్లికేషన్ తోటలో నిలబడినట్టే.

సమాచారం తిరిగి వచ్చినప్పుడు కూడా ఒక మాట పంపండి. లేకపోతే ఇంట్లోవాళ్లు ఎదురుచూస్తూనే ఉంటారు.

ఫోన్‌కు చేర్చడం

టెలిగ్రామ్‌లో బాట్‌ఫాదర్ అన్న ఖాతాను అడిగితే రెండు నిమిషాల్లో బాట్ (తనంతట తాను సందేశాలు పంపే ఖాతా), దాని తాళంచెవి లాంటి టోకెన్ ఇస్తుంది. నోడ్‌రెడ్‌లో టెలిగ్రామ్ బాట్ నోడ్లు వేసుకుని టోకెన్ ఇవ్వండి. పంపే ముందు ఛేంజ్ నోడ్‌లో చాట్ నంబరు, రకం, మాట మూడూ పెట్టాలి. వాట్సాప్ అయితే అందరికీ అలవాటే, కానీ దాని అధికారిక దారి వ్యాపారాలకు ఉద్దేశించింది. అనధికార దారుల్లో పోతే నంబరు బ్లాక్ కావచ్చు. నాయిన ఫోన్‌లో టెలిగ్రామ్ వేసి, ఈ ఒక్క బాట్‌ను పైన పిన్ చేసి, దానికి మాత్రం గట్టిగా మోగే రింగ్ పెట్టండి.

మాట తెలుగులోనే ఉండాలి. "అలర్ట్: లో కరెంట్ 4.8" అని వస్తే ఆయన మళ్లీ మీకే ఫోన్ చేసి అడగాలి. "బోరులో నీళ్లు అయిపోయినయి. 2:10కి మోటారు ఆపిన. రెండు గంటల తర్వాత వేయండి" అని వస్తే ఇంకెవరినీ అడిగే పని లేదు. ఎప్పుడు, ఏమైంది, ఏం చేయాలి, మూడూ ఉండాలి.

డ్యాష్‌బోర్డు కావాలంటే ఫ్లోఫ్యూజ్ వాళ్ల డ్యాష్‌బోర్డ్ 2.0 వేసుకోండి. పాత డ్యాష్‌బోర్డుకు ఇప్పుడు అభివృద్ధి లేదు. తెర మీద పెద్ద అక్షరాల్లో స్థితి, దాని కింద ఈ రోజు ఎన్ని గంటలు నడిచింది, అంతకు మించి పెట్టకండి.

ఆపడం వరకే

రిలేకు ఇచ్చే పని మోటారు ఆపడం ఒక్కటే. స్టార్టర్‌లో ఎర్ర స్టాప్ బటన్ వరసలోనే రిలే తాలూకు మామూలుగా మూసి ఉండే కాంటాక్టు కలిపించండి. రిలే 3 సెకన్లు పనిచేసి వదిలేస్తే, ఎవరో ఎర్ర బటన్ నొక్కి వదిలినట్టే. బోర్డు చచ్చిపోయినా మోటారు పాత పద్ధతిలో యథావిధిగా నడుస్తుంది. కలిపే ముందు స్టార్టర్ కాయిల్ ఎన్ని వోల్టులదో మెకానిక్‌ను చూడమనండి. మన వ్యవసాయ స్టార్టర్లలో రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద నడిచే కాయిళ్లు ఎక్కువ. 250 వోల్టుల చిన్న నీలం రిలే దానికి పనికిరాదు. మధ్యలో తగిన కాంటాక్టర్ పెట్టాలి.

ఫోన్ నుంచి స్టార్ట్ చేయడం కూడా సాధ్యమే. నేను మాత్రం పెట్టవద్దనే చెబుతాను. మీరు హైదరాబాద్‌లో బటన్ నొక్కే సమయానికి తోటలో ఎవరో వైరు పట్టుకుని ఉండవచ్చు, పైపు విప్పి ఉండవచ్చు. ఆటో స్టార్టర్ సంగతీ ఇంతే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, భూగర్భ జలాలు అడుగంటుతాయని ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. మీ స్టార్టర్‌కు అది ఉంటే తీసేయించండి. లేకపోతే మన రిలే ఆపిన మోటారును అది మళ్లీ వేస్తుంది.

టెలిగ్రామ్ నుంచి "ఆపు" అని పంపే వీలు పెట్టుకోవచ్చు. వచ్చిన చాట్ నంబరు మీ ఇంటివాళ్లదేనా అని స్విచ్ నోడ్‌తో చూసి, ఆ తర్వాతే ఎంక్యూటీటీ ఔట్‌కు పంపండి. ఆ నోడ్‌లో రిటైన్ అన్నది తప్పనిసరిగా ఆఫ్‌లో ఉండాలి. ఆన్‌లో ఉంటే బ్రోకర్ ఆ కమాండును దాచుకుని, బోర్డు కనెక్ట్ అయిన ప్రతిసారీ మళ్లీ ఇస్తుంది. నిన్నటి "ఆపు" ఇవాళ మోటారును ఆపుతుంది.

తాళాలు

నోడ్‌రెడ్ మొదట్లో తాళం లేకుండా వస్తుంది. సెట్టింగ్స్ ఫైలులో అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టండి. ఇంటి రూటర్‌లో 1880 పోర్టును బయటి ప్రపంచానికి తెరవకండి. దూరం నుంచి చూడాలంటే టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ (మీ పరికరాల నడుమ మాత్రమే ఉండే రహస్య దారి) వేసుకోండి. టెలిగ్రామ్‌కు అదీ అక్కర్లేదు. బ్రోకర్‌లో బోర్డుకు ఒక పాస్‌వర్డ్, ఇంటి కంప్యూటర్‌కు వేరొకటి ఉండాలి.

పరీక్ష

తోటకు పోయి ఒక్కొక్కటీ చెడగొట్టి చూడండి. రూటర్ ప్లగ్ పీకండి, "నెట్ పోయింది" అన్న మాట మూడు నిమిషాల్లో వచ్చిందా? మెయిన్ ఆపండి, "కరెంటు పోయింది" అన్నది వచ్చిందా? యూపీఎస్ అయిపోయేదాకా అలాగే వదిలేయండి, అప్పుడు మాట మారిందా? నీళ్లు లేని పరిస్థితిని పరీక్షించడానికి బోరు ఎండనక్కర్లేదు. నిండుగా పోస్తున్నప్పుడు 5.5 అన్న గీతను కాసేపు 9 కి పెంచండి. 30 సెకన్లలో మోటారు ఆగాలి. ఆగాక గీతను తిరిగి 5.5 కి దించి, ఫైలు సేవ్ అయిందో లేదో రెండోసారి చూడండి. నెట్ తీసేసి ఇదే పరీక్ష మళ్లీ చేయండి. అప్పుడు కూడా ఆగితేనే రాత్రిపూట దాన్ని నమ్మండి.

ఫేజు పరీక్షను మాత్రం నిజంగా ఫ్యూజు పీకి చేయకండి. మోటారు ఆపి, ఒక క్లాంపును వైరు మీద నుంచి తీసి, తర్వాత మోటారు వేయండి. ఆ క్లాంపు సున్నా చూపిస్తుంది, బోర్డు ఫేజు పోయిందనుకుని ఆపేయాలి.

తర్వాత

ఫిల్టర్ నోడ్ నుంచి ఒక తీగను ఫైల్ నోడ్‌కు కలిపి, మోటారు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అన్నది తేదీతో సహా ఒక్కో లైనుగా రాయించండి. బత్తాయిని బెట్టకు వదిలిన (నీళ్లు ఆపి ఉంచిన) రోజులు పోను, మిగతా కాలమంతా ఇది నిండుతూ ఉంటుంది. మార్చి వచ్చేసరికి ఆ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి చూడండి. బోరు ఎన్ని నిమిషాలు పోసి ఆగుతోంది, ఎంతసేపు ఆపితే మళ్లీ అన్ని నిమిషాలు పోస్తోంది అన్నది కనిపిస్తుంది. 50 నిమిషాలు పోసి రెండు గంటలు ఊరాల్సిన బోరు అయితే డ్రిప్ వాల్వుల వంతులు దాన్నిబట్టి మార్చుకోవాలి. ఒక వంతులో తడిపే చెట్లు తగ్గించాలి, ఏ వంతు ఏ పూటో నాయినతో కూర్చుని రాసుకోవాలి. ఫోన్‌కు వచ్చే మాటలో "రెండు గంటల తర్వాత" అన్న చోట ఆ నెల అసలు అంకె పెట్టండి. ఏప్రిల్‌లో మళ్లీ చూసి మార్చండి. అలాగే నోడ్‌రెడ్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి మొత్తం ఫ్లోను (మీరు కలిపిన నోడ్లూ తీగలూ) ఒక ఫైలుగా, ఈఎస్‌పీహోమ్ ఫైలుతో పాటు పెన్‌డ్రైవ్‌లో దాచండి. రెండో బోరుకు పని మొదలుపెట్టేటప్పుడు పిన్నులు, పేర్లు, ఆ బోరు అంకెలు మారిస్తే సరిపోతుంది.